పత్తికుప్పలో నేతిబీర గింజలు

"అమ్మమ్మా, డబ్బాలో టమాటా గింజలేసి ఐదు రోజులైంది. రోజూ తవ్వి చూస్తున్నా, ఒక్కటీ మొలవలేదు. అమ్మ చిన్నప్పుడు మీరు ఇంట్లోనే మొలకలు తెప్పించేవాళ్లంటగా, ఎట్లా?"

రోజూ తవ్వి చూస్తున్నావా? ఓసి నీ అసాధ్యం కూలా! అచ్చం మీ అమ్మవే. రా, ఇట్లా కూర్చో.

అప్పుడు మీ అమ్మకి ఐదేళ్లు... కాదులే, ఆరు, పలక పట్టుకుని బడికెళ్లేది. మీ మామయ్యకి నాలుగు. ఎనభైల్లో మాట. ఊరంతా పత్తే. తీసిన పత్తి పొయ్యటానికి కొట్టాలెక్కడివమ్మా, ఇంటి ముందుగదిలోనే దూలాల దాకా పోసేవాళ్లం. కొనేవాడు కుదిరేదాకా పత్తి గదిలో, మనం వసారాలో. పిల్లలకేమో పండగ. ఎక్కి దూకటం, ఆనక ఒళ్లంతా దురదలని ఏడవటం.

ఆ యేడు మాఘమాసం వచ్చినా చలి పోలా. చలికి తీగ గింజలు మొలవవు కదా, మట్టిలోనే మురిగిపోతాయి. నా దగ్గరేమో మా అమ్మ నేతిబీర గింజలు తొమ్మిదే ఉన్నాయి. సింగరాయకొండ దగ్గర మా పుట్టింట్లో అమ్మ దడికి పాకించేది. రూపాయికి సంచెడు వంకాయలొచ్చే రోజులు, అయినా నేతిబీర పచ్చడుంటే మా నాన్న వంకాయ ముట్టేవాడు కాదు. ఎక్కడున్నాను? ఆఁ, గింజలు. ముందటేడు అమ్మ పోయింది. మా వదినకి మొక్కలంటే గిట్టదు, ఆ పాదు కాస్తా ఎండిపోయింది. అమ్మ నాకు మూటగట్టి ఇచ్చినవి ఆ తొమ్మిదే, ఇంకెక్కడా లేవు. ఇంకో యేడు దాస్తే పుచ్చిపోతాయేమోనని భయం, వేస్తే చలికి పోతాయేమోనని భయం.

పత్తికుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా ఉంటది, చూశావా? నువ్వెక్కడ చూశావులే. గింజల్ని నానేసి, తడిగుడ్డలో కట్టి, పైన పొడిగుడ్డ చుట్టి, మీ అమ్మ చేత్తోనే కుప్పలోకి తోయించా. మీ తాతయ్యకి చెప్పలేదు. చెబితే ఊరుకుంటాడా? తడి తగిలితే పత్తి మచ్చ పడుద్ది, మచ్చ కనపడితే కొనేవాడు మొత్తం వెనక్కి పంపుతాడు.

ఇంక చూడు వీళ్ల సంబడం! మీ అమ్మ బడి నుంచి రావటం, ఇద్దరూ కలిసి మూట లాగి విప్పటం. "అమ్మా, వీటికి కాళ్లు ముందొస్తాయా, తల ముందొస్తుందా?" అంటాడు మీ మామయ్య. నాకేం తెలుసు, నేనెప్పుడన్నా చూశానా? గింజ చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు కూడా. తీస్తే మొలవవురా అని కేకలేసేదాన్ని. వాళ్లు ఆటకి పోయాక నేనూ తీసి చూసేదాన్ని, నీ దగ్గర దాపరికమెందుకు. మూడోనాటికి ఉబ్బాయి. ఒకదాని మూతి చిట్లినట్టుంది, నా కళ్లకే అట్లా అనిపించిందో ఏమో.

నాలుగోరోజు ఆదివారం. పిల్లల్ని తీసుకుని గుడికెళ్లా, మన చర్చికే. ప్రార్థనయ్యాక వచ్చి చూద్దును కదా, గది ఊడ్చేసినట్టుంది! బేరం కుదిరిందంట, పత్తంతా గోతాలకెత్తి, మూతులు కుట్టి, ట్రాక్టరు మీద కూడా వేసేశారు. ఎట్లా చెప్పను, దాచింది నేనేనాయె.

మీ అమ్మ పరిగెత్తింది. "నాన్నా, ఆపు! పత్తిలో అమ్మమ్మ ఉంది!"

వాళ్ల అమ్మమ్మ, అంటే మా అమ్మ. అవి అమ్మమ్మ గింజలని నేనే చెప్పా దానికి.

"ఏంటే ఇది వాగేది?" అన్నాడు మీ తాతయ్య. చెప్పక తప్పలా. ఇంకేముంది, బజారంతా వినపడేట్టు అరిచాడు. "పత్తిలో తడిగుడ్డ పెడతావా? బుద్ధుందా నీకు?" పోనీలెండి, మీరెళ్లండి, ఆలస్యమవుద్ది అన్నా. అన్నానా, అంతే, ఏడుపొచ్చేసింది. అమ్మ పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదే నేను. వచ్చినవాళ్లకి వండటంతోనే సరిపోయింది. ఆ ఏడుపంతా అక్కడ, నడిబజార్లో.

ఆయన నా మొహం వంక చూశాడు. ట్రాక్టరెక్కి, కత్తితో గోతాల కుట్లు కోయటం మొదలుపెట్టాడు. డ్రైవరు గొణుగుతున్నాడు, చూసేవాళ్లు నవ్వుతున్నారు. ఒక్కో గోతంలో భుజం దాకా చెయ్యి పెట్టి వెతికాడు. పదకొండో దాంట్లో దొరికింది. మచ్చపడ్డ పత్తి గుప్పెడు పీకి అవతల పారేశాడు.

మూట నాకివ్వలేదమ్మాయ్. బజార్లోనే గొంతుక్కూర్చుని, పిల్లలిద్దర్నీ పిలిచి, వాళ్లెదురుగా విప్పాడు. తొమ్మిదిట్లో ఏడు తెల్లగా తోక పెట్టాయి. "కాళ్లే! కాళ్లే ముందొచ్చినయ్!" అని మీ మామయ్య ఒకటే గంతులు. ఆయన నావంక తిరిగి, "మట్టెక్కడ పొయ్యమంటావ్?" అన్నాడు. ఏడూ పాతిందాకా ట్రాక్టరు కదల్లేదు. గోతాలు మళ్లీ కుట్టేసరికి పొద్దు వాలింది.

అదే, అప్పటి సంగతి... ఏదీ, నీ డబ్బా ఇటు తే. ఇంక తవ్వకు. నీకూ మంచివాడు రావాలి తల్లీ, నీ ఏడుపు చూసి, కుట్టేసిన గోతాలు విప్పేవాడు. అరిస్తే అరిచాడు, విప్పాలి.