మేజోళ్ల ఊళ్లో మిగిలిన కొలువు

అమెరికాలోని అలబామాలో ఓ ఊళ్లో మేజోళ్ల మిల్లు మూతపడింది. చవక దిగుమతుల దెబ్బకు పని పోయినవాళ్ల కోసం మాత్రమే సర్కారు తెరిచిన సహాయ కార్యాలయంలో తన వంతు రాగానే, బల్ల వెనక మనిషిని చూసి ఆ మిల్లు కార్మికురాలు ఒకామె తెల్లబోయింది.

"నువ్వా! మొన్నటిదాకా నా పక్కనే కూర్చుని మేజోళ్లకి వేళ్ల దగ్గర కుట్లు వేసేదానివి కదే?"

"నన్ను ముందే తీసేశారుగా అక్కా. సర్కారోళ్లు శిక్షణ ఇచ్చారు."

"దేంట్లో?"

"పని పోయినోళ్లకి సలహాలివ్వడంలో."

"సరే, నాకో సలహా చెప్పు."

"వెల్డింగు నేర్చుకోవచ్చు. కాకపోతే ఆ పనిచ్చే ఫ్యాక్టరీ కూడా మూసేశారు."

"ఇంకేముంది?"

"మా ఆఫీసే. మనుషులు చాలట్లేదు."

"ఊరంతా ఇక్కడే చేరితే సలహాలు ఎవరికిస్తామే?"

"అప్పుడు మన పనీ పోతుంది."

"పోతే పోనీ, మళ్లీ సాయం ఇస్తారుగా!"

"ఎక్కడిస్తారక్కా? సలహాలు దిగుమతి సరుకు కాదుగా!"