ఏ వరసలో పెట్టాలి

తెనాలిలో శనివారం పొద్దున. ల్యాప్‌టాప్ ముందు ఆంజనేయప్రసాద్ మాస్టారు, ఆయన వెనక చీర మార్చుకుని నిలబడిన భార్య మాధవీలత.

"ఇంకా దాన్లోనే ఉన్నారా? పది గంటల బస్సు పోతే మళ్ళీ ఎండన పడాలి."

"ఒక్క ఐదు నిమిషాలు మాధవీ. ఈ బోర్డు మీద పనికో కార్డు రాసుకున్నాగా, అవన్నీ ఊళ్ళవారీగా సర్దుతున్నా. తెనాలి ఒక వరస, బాపట్ల ఒక వరస, రేపల్లె ఒక వరస."

"మొన్నటిదాకా తేదీలవారీగా ఉండేవిగా?"

"తేదీ దాటితే కార్డు ఎర్రబడుతోంది. తెరిచినప్పుడల్లా ముందు అదే కనపడుతోంది."

"ఏ కార్డు?"

"ఏదో ఒకటి."

"'కోటిబాబు ఇంటికి వెళ్ళాలి' అన్నదేనా?"

"అదీ ఉంది. అందుకే ఊళ్ళవారీగా అంటున్నా. రేపల్లె పనులన్నీ ఒకచోట చేరితే ఒక్క ప్రయాణంలో తెమిలిపోతాయి. మీ పిన్నిగారి మనవడికి అన్నప్రాసన గిన్నె ఇవ్వాలా, అదీ అక్కడే..."

"పెళ్ళాం పోయిన మనిషిని పలకరించి, అట్నుంచటే గిన్నె పట్టుకుని మా పిన్ని గడప తొక్కుతారా? రానిస్తుందా ఆవిడ? నేరుగా ఇంటికొచ్చి తలమీద నీళ్ళు పోసుకోవాలి. ఆ పని పక్కన ఇంకో పని పెట్టకూడదండీ."

"అవును. నాకు తట్టలేదు. అయితే ఊళ్ళవారీ కుదరదు. అవసరాన్ని బట్టి పెడదాం. బాగా అవసరం, అవసరం, తక్కువ అవసరం. ఇదిగో, అయిపోయింది."

"దాన్ని దేన్లో పెట్టారు?"

"ఏదో ఒకదాన్లో. మళ్ళీ మార్చుకోవచ్చు."

"ఏదీ, జరగండి. తక్కువ అవసరంలోనా?"

"బాగా అవసరంలో పెడితే అన్నిటికన్నా పైన కూర్చుంటోంది. గ్యాస్ బుక్ చెయ్యాలన్నా దాన్ని దాటుకునే పోవాలి. కాస్త కిందికి జరిపానంతే. తీసెయ్యలేదుగా."

"మంగళవారం పలకరింపుకి పనికిరాదన్నారు. బుధ, గురువారాలు కాలేజీలో పరీక్షలన్నారు. నిన్న శుక్రవారం, అదీ పనికిరాదు. రేపు పెద్దకర్మ. రేపైతే ఊరంతా వస్తారు, భోజనాలు పెడతారు, తినేసి వస్తాం. దాన్ని పలకరింపు అనరు. మిగిలింది ఇవ్వాళే."

"వెళ్ళి ఏమనాలి?"

"ఏమీ అనక్కర్లేదు. కాసేపు కూర్చోవాలి. లేచేటప్పుడు వెళ్ళొస్తానని కూడా అనకూడదు. మీలాంటి వాళ్ళ కోసమే పెట్టారేమో ఆ ఆచారం."

"నవ్వించకు."

"నవ్వించట్లేదు. నిరుడు కాలేజీ వార్షికోత్సవానికి షామియానా దగ్గర్నుంచి మైకు దాకా మీతోపాటు తిరిగింది అతనొక్కడే. తోటి మేస్టర్లు ఒక్కరన్నా వచ్చారా?"

"ఆ పనులన్నీ ఈ బోర్డు మీదే నడిపాం. అతనికి ఇది నేర్పింది నేనే. తర్వాత కొత్తది ఎందుకులే అని మనింటి పనులు కూడా దీన్లోనే వేసుకుంటున్నా."

"నేనేం అడుగుతున్నా, మీరేం చెబుతున్నారు? అతని పెళ్ళాం శివపార్వతి ఆసుపత్రిలో ఉన్నప్పుడూ ఇంతే. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం. దానిక్కూడా కార్డు రాశారుగా, నేను చూశా. అదేది?"

"ఉంది."

"ఎక్కడ?"

"ఆ చివర్న."

"చివర్న ఉన్నవి అయిపోయినవి కదా. మనం వెళ్ళలేదుగా?"

"వెళ్ళలేదు."

"మరి?"

"ఆవిడ పోయిందని తెలిసిన సాయంత్రం తెరిచి చూస్తే, ఇంకా ఎర్రగా అలాగే ఉంది. ఇంక చెయ్యడానికి ఏం లేదు. చెరిపేద్దామంటే చెయ్యి రాలేదు. ఇంకెక్కడ పెట్టను మాధవీ?"

"అయ్యో. ఈ మాట ఇంకెవరి దగ్గరా అనకండి."

"ఎవరికి తెలుస్తుంది? నా ల్యాప్‌టాప్, నా పనులు."

"ఉండండి, మీ ఫోన్. కోటిబాబే."

"నువ్వు తియ్యి. స్నానం చేస్తున్నానని చెప్పు."

"తీసేశా. స్పీకర్లో ఉన్నాడు. మాట్లాడండి."

"కోటిబాబూ, నేనే. బయల్దేరుతున్నాం. ఇదిగో, పది గంటల బస్సుకి..."

"అబ్బే, ఇబ్బంది పడి రావద్దు మాస్టారూ. అందుక్కాదు చేసింది. చిన్న సాయం. ఆ బోర్డులోంచి నన్ను తీసేస్తారా?"

"ఏ బోర్డు?"

"వార్షికోత్సవానిదండి. మీరు కార్డు ఇటు జరిపినా అటు జరిపినా నా ఫోన్‌కి వస్తోంది. నిన్నట్నుంచీ వస్తూనే ఉంది. 'కోటిబాబు ఇంటికి వెళ్ళాలి', రేపల్లె. మళ్ళీ ఇందాక, తక్కువ అవసరం. నేనేం అనుకోవట్లేదండి. ఎవరి పనులు వాళ్ళకుంటాయి."

"కోటిబాబూ, అది..."

"పర్లేదండి. కాకపోతే ఆ రోజు, శ్మశానం నుంచి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటుంటే ఒకటొచ్చింది. ఫోన్ మా అమ్మాయి చేతిలో ఉంది. 'శివపార్వతిని చూసి రావాలి', అయిపోయింది, అని పైకి చదివింది. ఎప్పుడొచ్చారు నాన్నా మాస్టారు, నేను చూడలేదే, అంది. వచ్చారమ్మా, నువ్వు నిద్రపోతున్నావు అన్నా."

"నేను... కోటిబాబూ, నేను ఇప్పుడే..."

"మళ్ళీ ఏదన్నా వస్తే ఏం చెప్పాలో తెలియట్లేదండి. నేనే బయటికొచ్చేద్దామని రాత్రంతా వెతికా. దాంట్లో చేరడం నేర్పారు గానీ మాస్టారూ, బయటికి రావడం నేర్పలేదు మీరు."