నూటికి నూరు

"నేనేదో గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి. ఫోన్లో ఒక ప్రశ్న అడిగారు, జవాబు తెలుసు, చెప్పాను, అంతే," అన్నాడు అంచనాల బాబాయ్, స్విమ్మింగ్ పూల్ బయటి బెంచీ మీద కాలు మీద కాలేసుకుని.

పిల్లలు లోపల ఈత నేర్చుకున్నంతసేపూ తల్లిదండ్రులు ఆ అద్దాల గోడ పక్కన పడిగాపులు పడాల్సిందే. అద్దం నిండా ఆవిరి పట్టి ఎవరి పిల్లలెవరో పోల్చుకోలేరు. బయట చూస్తే వదలని ముసురు. తోచక అక్కడి తెలుగువాళ్ళందరూ బాబాయ్ కోతలు వింటారు. వాన ఎప్పుడు తగ్గుతుంది, కౌంటర్లో అమ్మాయికి పెళ్ళి ఎప్పుడవుతుంది, దేనికైనా ఆయన దగ్గరొక అంచనా ఉంటుంది కనక ఆ పేరు. యాభై దాటిన మనిషి, మాట మాత్రం పాతికేళ్ళ కుర్రాడిది. డేటా సైన్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఎలా ఉంటుందని ఇవాళ కదిపినవాడు బస్సు డ్రైవరు. అతని మేనల్లుడు ఆ కోర్సులో చేరాడట.

బెంచీ చివర, ఒళ్ళో రెండు తువ్వాళ్ళు పెట్టుకుని కూర్చున్నామె ముందు పట్టించుకోలేదు. రేపు ఆమెకీ అలాంటి ఇంటర్వ్యూనే ఉంది. ఇక్కడెవరికీ చెప్పలేదు. భర్తకి పని పోయి నాలుగో నెల. ఇద్దరిలో ఒకరికి ఈ నెలలో ఉద్యోగం దొరక్కపోతే వీసా పోతుంది, ఈ దేశంలో ఉండనివ్వరు. పెద్దపిల్ల ఇప్పటికే రెండు బళ్ళు మారింది. రెండోసారి మారాక చాలా కాలం ఇంట్లో కూడా నోరు విప్పలేదు.

"ఏమడిగారు గురువుగారూ?" అన్నాడు డ్రైవరు.

"యావరేజికీ మీడియన్‌కీ తేడా ఏమిటని. చెప్పాను. అవతల్నుంచి ఏడుపు! 'సార్, ఇన్నేళ్ళూ నేను తప్పుగా అనుకుంటున్నాను సార్' అని ఆ ప్రశ్న అడిగినమ్మాయి ఒకటే ఏడుపు. ఊరుకోబెట్టేసరికి నా తల ప్రాణం తోక్కొచ్చింది. అక్కడితో అయిందనుకున్నారా? రెండో రౌండు! అద్దాల గది, చుట్టూ ఐదుగురు, కోడు రాయమన్నారు. నేనిలా వేళ్ళు విరుచుకుని మొదలెట్టానో లేదో, లాప్‌టాప్ లోంచి పొగ!"

"కాలిపోయిందా?" అన్నాడు పక్కన కూర్చున్న మందుల షాపాయన.

"కాలదూ మరి? నా స్పీడుకి తట్టుకోవద్దూ? ఇంకోటి తెచ్చారు, అదీ పోయింది. ఇక లాభం లేదని, బోర్డు మీద రాయండి సార్ అన్నారు. బోర్డు చాల్లేదు. గోడందుకున్నాను. గోడ అయిపోయింది, కారిడార్లోకి, అక్కణ్ణుంచి లిఫ్టులోకి. ఎవరో బటన్ నొక్కారు, నేనూ నా కోడూ పైఅంతస్తుకెళ్ళిపోయాం. అక్కడో ఇన్సూరెన్సు ఆఫీసు. వాళ్ళు చదువుకుని, మా పని కూడా అయిపోయింది మహాప్రభో అని దణ్ణం పెట్టారు!"

"పెన్ను అరగలేదా గురువుగారూ?"

"మధ్యలో అడ్డు రాకు తమ్ముడూ, అసలు సంగతి ముందుంది. ఇంటి దగ్గర చేసుకు రమ్మని ఒక పని ఇచ్చారు. ఏదో జిమ్ము వాళ్ళ డేటా. ఎవరు ఎప్పుడు చేరారు, వారానికి ఎన్నిసార్లొస్తారు, లాకరు తాళంచెవి ఎప్పుడు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగిచ్చారు, అన్నీ ఉంటాయి. వీళ్ళలో ఎవరు మానేస్తారో ముందే చెప్పే మోడల్ కట్టాలి."

బెంచీ చివరామె ఇటు తిరిగింది. అదే జిమ్ము. అదే తాళంచెవి. పిల్లలు పడుకున్నాక ఆమె కుస్తీ పట్టిన డేటా అది. ఆ కంపెనీలో ఉన్న ఖాళీ ఒక్కటే.

"కట్టాను. ఎంతొచ్చిందో చెప్పండి చూద్దాం? నూటికి నూరు! ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు తప్పిపోలేదు. ఇక అది ఆగుతుందా? ఇంకా చేరనివాళ్ళ పేర్లు కూడా మొదలెట్టింది, వీడు వచ్చే ఏడు చేరతాడు, వారం తిరక్కుండా మానేస్తాడు అని. జిమ్ము మేనేజరు పేరు చెప్పింది, సాయంత్రానికి అతను రాజీనామా! మా పక్కింటాయన సిగరెట్లు మానేస్తాడంది, మానేశాడు! రేపు ఆఖరి రౌండు, ఉత్త లాంఛనం. నూటికి నూరని తెర మీద చూపిస్తాను, వాళ్ళు లేచి నిలబడతారు. చప్పట్లు ఎంతసేపు కొడతారో, అదొక్కటే నా అంచనాకి అందట్లేదు."

మందుల షాపాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు. తక్కినవన్నీ కోతలే గానీ ఆ నూటికి నూరు మాత్రం నిజమని ఆమెకి తెలుసు. మొదటిసారి ఆమెకీ అంతే వచ్చింది. సంబరపడబోయి, భయపడి, రెండు రోజులు వెతికితే గానీ కారణం దొరకలేదు. రేపు ఆయన ఆ అంకె తెర మీద పెడతాడు, అక్కడివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు, అంతటితో సరి. తను చేయాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడమే.

కూర్చునేదే. కానీ ఆయన కాళ్ళ వైపు చూసింది. కొత్త నల్ల బూట్లు, మడమ దగ్గర దూది. రేపటికి కరవకుండా ఉంటాయని ఈ వానలో కూడా తొడుక్కుని తిరుగుతున్నాడు.

"బాబాయ్ గారూ, లాకరు తాళంచెవి తిరిగిచ్చేది ఎవరు?"

"ఎవరేమిటమ్మాయ్? మానేసినవాళ్ళు."

"మానేశాకే కదా ఇస్తారు?"

డ్రైవరుకి ముందు వెలిగింది. "అంటే తాళంచెవి ఇచ్చేసి వెళ్ళినవాణ్ణి చూసి, వీడు వెళ్ళిపోతాడని చెప్పిందా మీ మోడలు? ఆపాటి జోస్యం మా నాలుగేళ్ళది కూడా చెబుతుంది గురువుగారూ!"

బెంచీ బెంచీ అంతా గొల్లుమంది. బాబాయ్ కూడా నవ్వబోయాడు, ఇంకో కోత కోయబోయాడు. "అది కాదయ్యా, నేను కావాలనే..." అన్నాడు. కాలు మీది కాలు దించాడు.

"నీకెలా తెలుసమ్మాయ్?"

"నాకూ అదే ఇచ్చారు. రేపు పదకొండింటికి నాది."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"నాది పదింటికి," అన్నాడు బాబాయ్. ఆయన గొంతు ఇంత చిన్నదని అక్కడెవరికీ తెలీదు. "ఆ తాళంచెవి కాలమ్ తీసేస్తే ఎంతొస్తుందమ్మా?"

అది చెప్పాల్సిన పని లేదు. సగం చెప్పి ఊరుకోవడం ఆమెకి చేతకాలేదు.

"డెబ్బై ఒకటి. అంతకంటే ఎక్కువొస్తే ఇలాంటి తప్పు ఇంకెక్కడో ఉన్నట్టే, మళ్ళీ వెతకండి."

"డెబ్బై ఒకటి," అన్నాడాయన. ఈసారి ఒక్కటి కూడా పెంచలేదు.

లోపల ఈల మోగింది. తడి కాళ్ళ చప్పుళ్ళు తలుపు దాకా వచ్చాయి. రాత్రికి కూర్చుంటే తెల్లారేలోపు ఆయనకీ అంతే వస్తుంది. పొద్దున పదింటికి, ఆమెకంటే ముందు, ఆ తాళంచెవి మాట ఆయనే చెబుతాడు.