రాజుగారి అంగరఖాకి జిప్పు

"రాజుల సినిమానా? నా ముందు ఆ మాట ఎత్తకు" అన్నాడు టైలరు మాస్టారు, టీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి.

ఎత్తింది ఆయన బావమరిది. పాపం, అడిగింది చిన్న మాటే. సినిమాకి ఇవాళే ఆఖరి రోజు, మధ్యాహ్నం ఆట అవగానే తీసేస్తారు, అక్కని తీసుకెళ్లు బావా అని. ఆ అక్క టీ కొట్టుని ఆనుకునే ఉన్న వాళ్ల కుట్టు దుకాణం గుమ్మంలో కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతోంది. సినిమా వచ్చిన రోజు నుంచీ అడుగుతోందట. ఆమె చేతిలో సూది ఆగింది గానీ తల ఎత్తలేదు.

మాస్టారు అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చే రకం కాదు. కోతలు కోస్తాడని మాకు తెలుసు, మాకు తెలుసని ఆయనకీ తెలుసు. అయినా ఆయన ఆపడు, మేం లేవం.

"ఎందుకొద్దంటున్నానో విను. మొదటి రోజు ఎవరో బలవంతపెడితే వెళ్లాను. పది నిమిషాలు కూర్చున్నానో లేదో, సింహాసనం మీంచి రాజు లేచి అటు తిరిగాడు. వీపున ఏముంది? జిప్పు! నాలుగు వందల ఏళ్ల కిందటి రాజుగారి అంగరఖాకి ఇత్తడి జిప్పు! హాలంతా నోళ్లు వెళ్లబెట్టుకుని చూస్తోందే గానీ ఒక్కడికీ కనపడలేదు. నా కన్ను ఊరుకుంటుందా? లేచి నిలబడి 'జిప్పూ!' అని ఒక్క కేక పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కూర్చోవయ్యా బాబూ అని ఉంటారు" అన్నాడు సెలూన్ ఆయన.

"నీ మొహం. ఆట ఆపేశారు. మర్నాడు తెల్లారకుండానే ఆ సినిమా తీసినాయన కారేసుకుని నా గుమ్మంలో దిగాడు. 'మాస్టారూ, పరువు పోయింది, మీరే దిక్కు' అని నా కాళ్ల మీద పడబోయాడు. నేనేమో పళ్లు తోముకుంటున్నాను, నోట్లో నురగతోనే 'ఎంతమందికి?' అన్నాను. 'రాజుకీ, ఆయన సైన్యానికీ' అన్నాడు. సైన్యం ఎంతనుకున్నారు? నలభై వేలు, గుర్రాలు కాకుండా!"

"ఆడుతున్న సినిమాని మళ్లీ తీశారా మాస్టారూ?" అన్నాడు టీ కొట్టాయన, పాలు పొంగుతున్న సంగతి మరిచిపోయి.

"తీయక చస్తారా? పొద్దున తీసి మధ్యాహ్నం ఆటకి అందించారు. ముందు నీ పాలు చూసుకో. సరే, సెట్టుకి వెళ్లి చూద్దును కదా, అంతా బూటకం! కోట అట్టముక్క, నేను ఆవులిస్తే బురుజు ఊగింది. రాణి మెడలో హారం ఏమిటో తెలుసా? మా దుకాణంలో అమ్మే బొత్తాలు, పైన బంగారు రంగు. మంత్రి గడ్డం తలకిందులుగా అంటించుకుని రాజ్యం గురించి బెంగపడుతున్నాడు. వీళ్లా మనకి చరిత్ర చెప్పేది? వీళ్లని చూసి మీరా కళ్లు ఒత్తుకునేది? సిగ్గుండాలి! సరే, వెళ్లినవాణ్ణి చేతులు కట్టుకుని నిలబడతానా? కత్తెర తీశాను. ఒక్క పూటలో అన్ని జిప్పులూ కోసిపారేసి, వాటి చోట తాళ్లు కుట్టి ముడులు వేశాను. మిషను వేడెక్కి పొగలు కక్కుతుంటే పక్కన ఏనుగుని నిలబెట్టి తొండంతో నీళ్లు కొట్టించాను."

"ఏనుగు కూడా అట్టదేనా?" అన్నాడు బావమరిది.

"దానికి ప్రాణం ఉంది, నీకంటే బుద్ధి కూడా ఉంది, మధ్యలో మాట్లాడలేదు. అసలు తంటా అప్పుడొచ్చింది. కథ ప్రకారం రాజు యుద్ధంలో చచ్చిపోవాలి కదా. శత్రువు కత్తి దూసి ఒక్క పోటు పొడిచాడు. కత్తి వంకరపోయింది! నా కుట్టు అలాంటిది. ఇంకోటి తెచ్చారు, విరిగింది. బల్లెం, గొడ్డలి, ఆఖరికి ఫిరంగి. ఆ గుండు రాజు రొమ్ముకి తగిలి, వచ్చిన దారినే వెనక్కి పోయి శత్రువు గుడారంలో పడింది. ఓడిపోవాల్సినవాడు గెలిచి కూర్చున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చరిత్ర పంతుళ్లు బస్సులేసుకుని వచ్చారు. 'మాస్టారూ, ఆయన ఓడిపోయాడని పిల్లలకి ఇన్నేళ్లూ చెప్పాం, ఇప్పుడెలా?' అని ఒకటే గోల. 'పుస్తకాలు మార్చుకోండి, నా కుట్టు మాత్రం విప్పను' అన్నాను. మార్చారు! ఎక్కడో గుమాస్తా ఉద్యోగాలు చేసుకుంటున్న ఆ రాజు మునిమనవలు తెల్లారేసరికి యువరాజులైపోయారు. ఇంత తెలిసినవాణ్ణి, డబ్బిచ్చి ఆ అట్ట కోట మళ్లీ చూడాలా? అవన్నీ పనీపాటా లేనివాళ్లకి. మా ఇంట్లోవాళ్లు అక్కడ అడుగు పెట్టరు. అంతే!"

"అట్టదైతే ఏం?" అంది గుమ్మంలోంచి ఆయన భార్య.

అందరం అటు తిరిగాం. ఆమె మా ముందు నోరు విప్పడం అరుదు.

"నాకు ఆ అట్ట కోటే చాలు. పొద్దుటినుంచీ నా కళ్లకి కాజాలు తప్ప ఇంకోటి కనపడదు. రెండున్నర గంటలు ఆ దీపాలూ, తివాచీలూ, ఆ నెమ్మదైన మాటలూ... అబద్ధమైతే కానీండి. నాకు చూడాలనుంది" అంది. మేం గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నాం. నాకైతే మాస్టారి మీద ఒళ్లు మండిపోయింది.

"చూశారా, ఈ సినిమాలు బుర్రల్ని ఎలా పాడుచేస్తాయో" అన్నాడాయన మాతో.

బల్ల చివర టీ తాగుతున్న మనిషి ఒకడు అప్పుడు గొంతు సవరించుకున్నాడు. అతను మా రోజువారీ బృందంలోవాడు కాదు.

"అయితే ఆ రాజు చచ్చిపోడంటారా?"

"ఎలా చస్తాడయ్యా? చెవులు లేవా నీకు?"

"మరి ఆయన చచ్చిపోయినప్పుడు మీరు రోజూ అంతలా ఎందుకు ఏడుస్తారండీ?"

మాస్టారు గిర్రున అతని వైపు తిరిగాడు.

"ఎవడు నువ్వు?"

"హాల్లో టార్చి వేసి సీట్లు చూపిస్తానండి. చీకట్లో నా మొహం మీకు తెలియదు, మీది మాత్రం నాకు బాగా తెలుసు. పదకొండు రోజులు, మధ్యాహ్నం ఆట, మూడో వరస, గోడ పక్క సీటు. 'మహారాజా, వెనక చూసుకో' అని ముందే కేకేస్తారు. మొన్న పక్కావిడ తన రుమాలు ఇచ్చింది. ఇవాళ కూడా ఆ సీటే ఉంచమన్నారుగా, ఉంచాను. జిప్పు సంగతి మాత్రం ఎప్పుడూ అనలేదండి."

మాస్టారు ఏదో అనబోయాడు. "అదీ... కుట్టు ఎలా నిలబడిందో చూద్దామని..." అన్నాడు గానీ ఆ ముక్క ఆయనకే మింగుడుపడలేదు.

ఆవిడ లేచింది. చీరకి అంటుకున్న దారప్పోగులు దులుపుకుని, సూది గుచ్చి ఉన్న చొక్కా తెచ్చి మొగుడి ఒళ్లో పెట్టింది.

"రోజూ మధ్యాహ్నం బొత్తాల కోసమని వెళ్లేది అక్కడికా? మిగిలిన కాజాలు మీరు కుట్టండి. పద తమ్ముడూ, టైమవుతోంది. ఆ గోడ పక్క సీటు నాకు చూపించన్నా" అంది టార్చి ఆయనతో.

ముగ్గురూ వీధి మలుపు దాకా వెళ్లిపోయారు. మాస్టారు ఒళ్లో చొక్కాతో అలాగే కూర్చుని, ఉండబట్టలేక దిగ్గున లేచి, వీధి వీధంతా వినపడేలా కేక పెట్టాడు.

"ఏమే! విశ్రాంతికి ముందు రాణి కోట మెట్లు దిగుతుంది... అప్పుడు రెప్ప వేయకు!"