ఏటవాలు తాడు

ఎల్బీనగర్ అవతల, హద్దురాళ్లు పాతిన కొత్త వెంచర్‌లో మిట్టమధ్యాహ్నం. దిల్‌సుఖ్‌నగర్ కాలేజీ ఫిజిక్సు లెక్చరరు పట్టాభి నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. అతని రొమ్ముకు కట్టిన తాడు రెండో కొస లారీ మీది కడ్డీకి ఉంది. అండాలమ్మ మొగుడు అంతయ్యను ఇలాగే ఈడ్చి చంపినవాళ్ల మీద కేసును కోర్టు మొన్ననే కొట్టేసింది. వాళ్ల తరఫు సాక్షి ఈయనగారే. అండాలమ్మ పక్కన కూర్చుంది. ఆమె అన్న భిక్షపతి స్టీరింగు ముందున్నాడు.

“మల్ల చెప్పు సారూ. కోర్టుల చెప్పినట్లే చెప్పు.”

“అమ్మా, ముందు తాడు విప్పించండి. నోట్లో రక్తం, మాట రావడం లేదు.”

“వస్తున్నది గదా. మా అంతయ్య ఎంత బరువంటివి?”

“అరవై కిలోలు.”

“తాడు గుంజుడు?”

“ఆరొందల న్యూటన్లు. అది నేను అనుకున్న అంకె…”

“ఎంత ఏటవాలు?”

“నేలకు అరవై డిగ్రీలు. అందుకే బలంలో సగమే ముందుకు లాగుతుందన్నాను. మూడొందలు. అది నిజమే కదండీ.”

“కడమ బలం యాడికి వోయింది?”

“కడమది… పైకి. మనిషిని పైకి లేపుతుంది.”

“గది కోర్టుల చెప్పలే.”

“ఎవరూ అడగలేదు.”

“అన్నా, జర గేరెయ్.”

“వద్దు, వద్దు. చెప్తాను. పైకి ఐదొందల ఇరవై; ఏటవాలు లాగుడులో రెండు భాగాలు మామూలు కూడికలా కలవవు. ఒంటి బరువు కూడా ఆరొందలే, దాదాపు అంతా తాడే మోస్తుంది. ఇక నేల పట్టుకోదు, ఏదో కాస్త రాపిడి…”

“నేల పట్టుకుంటదంటివి. మెల్లగ జారిండు, లేవొచ్చు అంటివి. జడ్జి తలకాయ ఊపిండు.”

“ఈ వెంచర్ వేసిన త్రినాథరావు చెప్పమన్నట్టు చెప్పాను. ప్లాటు ఇస్తానన్నాడు.”

“ఏ ప్లాటు?”

“ఇక్కడే… ఒకటి.”

“ఏ ప్లాటు సారూ?”

“ఇదే.”

“మా ఆయన సచ్చిన జాగల ఇల్లు కట్టుకుంటవా. మంచిది. ఇగ అసలు లెక్క చెప్పు.”

“మూడొందల్లో రాపిడికి నలభై పోతే రెండొందల అరవై. దాన్ని అరవైతో భాగిస్తే నాలుగు పైన. సెకండు సెకండుకీ వేగం నాలుగు మీటర్లు పెరుగుతుంది.”

“ఒక్క సెకండుల ఎంత దూరం ఈడుస్తది?”

“రెండు మీటర్లు.”

“మా ఆయన తలకాయకు హద్దురాయి ఎంత దూరముండె?”

“రెండు మీటర్లే. అమ్మా, ఇప్పుడే పోలీసుల దగ్గరికి వస్తాను, ఉన్నదున్నట్టు చెప్తాను. నాకు పిల్లలున్నారు.”

“మాకూ ఉన్నరు. నిన్ను కొలిచే పండవెట్టినం. రాయి గంతే దూరముంది.”

“అండాలమ్మగారూ…”

“లేవొచ్చంటివి గదా, లెవ్వు. అన్నా, బండి తియ్.”