మూడడుగుల బంతి

ఆ గుంత అక్కడ తవ్వమని నీకెవరు చెప్పారు మేస్త్రీ? గ్రీన్ మీద ఇంత నున్నటి గడ్డి ఖాళీగా ఉంటే, సరిగ్గా ఆ వాలు కిందే దొరికిందా నీకు? నిన్న పొద్దున్నే చూశాను. చూసి ఊరుకున్నాను.

నవ్వకు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా వరస, నాకూ తెలుస్తూనే ఉంది. నిన్న గోల్ఫ్ ఆడింది నేను కూడా కాదు, నా కూతురు.

కానీయ్, నీ పని నువ్వు చేసుకో. దీన్ని పూడ్చి ఇంకోచోట తవ్వాలిగా, రోజూ ఉండేదే. నేనిలా నీ బకెట్ బోర్లించుకుని కూర్చుంటా. కింద గడ్డి అంతా మంచుకి తడిసి ఉంది.

ఇంటికా? ఇంట్లో ఏముందిలే. నిన్న వచ్చినప్పటి నుంచి అమ్మాయి తలుపు తీయలేదు. వాళ్ళమ్మ కంచం పట్టుకెళ్ళి గుమ్మం ముందు పెట్టడం, మళ్ళీ అలాగే వెనక్కి తెచ్చుకోవడం. నాతో ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. తిట్టినా బాగుండేది!

ఇందాక తీసింది తలుపు. కర్రల బ్యాగు బయట పెట్టి, "నాన్నా, ఇది క్లబ్బులో ఎవరికైనా ఇచ్చెయ్. నేనింక ఆడను" అంది. ఏడవలేదు. అదిగో, ఆ బ్యాగే. భుజాన వేసుకుని తెచ్చాను గానీ, ఎవరికివ్వను చెప్పు?

దాని ఆట ఎనిమిదేళ్ళ నుంచి చూస్తున్నావు కదా నువ్వు. గుంత దగ్గరికొచ్చిందంటే చాలు, కూనిరాగం తీస్తూ బంతిని అలా తోసేసి, పడిందో లేదో చూడకుండానే ముందుకు నడిచేది. పడకుండా ఎక్కడికి పోతుందిలే అన్నట్టు! పడేది కూడా.

నా దగ్గరికి పాఠాలకొచ్చే పెద్దమనుషులు లేరూ? ఆ పళ్ళ డాక్టరుగారు బంతిని రెండొందల గజాలు కొడతాడు. మూడడుగుల్లోకి వచ్చేసరికి ముచ్చెమటలు. ఆయనకి ఎన్ని చెప్పాలో! ఊపిరి వదలండి, ఒక్క గడ్డిపరక చూసుకోండి, తల ఎత్తకండి, బంతి పడిన చప్పుడు చెవితో వినండి... అమ్మాయికి మాత్రం ఒక్కటీ చెప్పలేదు. అవసరమేముంది? నిద్రొస్తే పడుకున్నట్టు ఆడేది పిల్ల.

ఇంకోటి కూడా చెబుతాను డాక్టరుగారికి. గుంత దగ్గర తప్పుతుందేమో అన్న మాట అనకూడదు, అననివ్వకూడదు. మందు తాగేటప్పుడు కోతి గుర్తుకు రాకూడదని చెబితే ఇంకేముంది, గిన్నె ఎత్తితే కోతే! ఇరవై ఏళ్ళుగా నా బతుకంతా ఈ ఒక్క పాఠం మీదే గడుస్తోంది.

నా సంగతి నీకు కొత్తగా చెప్పాలా? ఆ రోజు చూసినవాళ్ళలో నువ్వే మిగిలావు. ఇదే గ్రీన్, ఇదే ఆఖరి గుంత, మూడే అడుగులు. కుడి మణికట్టు ఎవరో లాగినట్టు ఎగిరింది. బంతి అంచు చుట్టూ తిరిగి బయటికొచ్చేసింది. ఆ రోజు నుంచి ఈ చెయ్యి నా మాట వినదు. పోటీలు మానేసి పాఠాలు చెప్పుకుంటున్నా.

అమ్మాయి మొదటిసారి కర్ర పట్టిన రోజు వాళ్ళమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. "మీ చెయ్యి సంగతి దీని చెవిన పడకూడదు. తెలిస్తే అదీ తన చేతికేసి చూసుకోవడం మొదలెడుతుంది" అంది. ఆటంటే ఏంటో తెలియని మనిషి, అసలు సంగతి చెప్పేసింది చూడు! ఎనిమిదేళ్ళు ఆ మాట కాపాడాను.

నిన్న... ఆ, నిన్న. ఫైనల్లో ఆఖరి గుంతలోని జెండా తీసి పట్టుకునేది నువ్వే కదా. నాలుగడుగుల దూరంలో ఉన్నావు. మూడడుగుల్లో ఉన్న ఆ బంతి పడితే అమ్మాయి గెలిచినట్టే, రాష్ట్ర జట్టులోకి తీసుకున్నట్టే. రాగం తీస్తూ బంతి దగ్గరికి వెళ్తోంది. నేను ఆపాను.

చెవిలో ఏం చెప్పావని అందరూ అడిగారు. నిదానంగా కొట్టమన్నానని చెప్పాను. వాళ్ళమ్మకీ అదే చెప్పాను, నమ్మలేదు. నీకు చెప్పాల్సిన పని లేదు. విన్నావు.

"జాగ్రత్తమ్మా. నువ్వు పుట్టకముందు ఇదే గుంత దగ్గర, ఇదే దూరంలో, నా చెయ్యి ఎగిరింది. నీదీ నా చెయ్యే."

రాగం ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. తర్వాత వంగి తన చెయ్యి చూసుకుంది మేస్త్రీ. ఎనిమిదేళ్ళలో మొదటిసారి! ఆ తర్వాత ఏమైందో నువ్వూ చూశావు.

ఇందాక బ్యాగు ఇస్తూ ఇంకో మాట కూడా అంది. "నీ తప్పేం లేదు నాన్నా. నువ్వు ముందే చెప్పావు, నేనే సరిగ్గా కొట్టలేదు." విన్నావా? కంచే చేను మేసేసింది. ఆ చేనేమో కంచెను ఓదారుస్తోంది.

నోరు జారిందంటావు. తండ్రి కదా, కంగారులో అనేశావంటావు. అంతేనా? అంతే అయితే బాగుండును.

బ్యాగు మోసుకుంటూ పద్దెనిమిది గుంతలూ దాని వెనకే నడిచాను. ఆ రాగం వింటూనే నడిచాను. ఒక్క చోట కూడా దాని గుండె దడదడలాడలేదు. దానికెందుకు దడ పుట్టదు? నాకొక్కడికేనా ఆ శాపం? ఇక్కడికొచ్చేసరికి, సిగ్గు విడిచి చెబుతున్నా, ఒక్క క్షణం, అది పడకూడదనిపించింది. నా కన్నకూతురి బంతి! పడకూడదనుకునే ఆ మాట అన్నాను. తెలిసే అన్నాను. కోతి పేరు ఎప్పుడు ఎత్తకూడదో నాకన్నా తెలిసినవాడు ఎవడున్నాడు?

ఏం మాట్లాడకు. ఓదార్చకు, ఇప్పటికే ఒకళ్ళు ఓదార్చారు.

దానికి చెప్పాలి, తెలుసు. నీ చేతిలో ఏ లోపమూ లేదమ్మా, లోపమంతా నా మనసులో ఉంది అని చెబితే, రేపే మళ్ళీ కర్ర పట్టుకుంటుందేమో. నన్ను మాత్రం మళ్ళీ నాన్నా అని పిలవదు. పిలవకపోయినా సరేననుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

అది తలుపేసుకున్నాక అక్కడే నిలబడ్డాను. తలుపు మూడడుగుల్లో ఉంది. తట్టి పిలుద్దామని చెయ్యెత్తాను. ఈ చెయ్యే. మణికట్టు ఎగిరింది.

బ్యాగు భుజాన వేసుకుని ఇటొచ్చేశాను.