కార్డులో లేని వరుస

పందొమ్మిది వందల ఎనభై ఆరు జూలై పద్నాలుగు, సోమవారం ఉదయం, ఇరవై రెండేళ్ల వయసులో మా కెప్టెన్ గారు ఈ విమాన సంస్థలో ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. చేరింది విమానం నడపడానికి కాదు, ప్రయాణికుల సామాను తూచడానికి. తేదీని ఇంత నిక్కచ్చిగా రాయడానికి ఒక కారణం ఉంది. దాన్ని చివర్లో మనవి చేస్తాను.

ఆ తూకపు యంత్రం వెనుక ఆయన ఐదేళ్లు నిలబడ్డారు. పెట్టెను ఒక్కసారి చేత్తో ఎత్తి, ముల్లు కదలకముందే బరువు చెప్పేసేవారట. సామాను మోసేవాళ్లు ముచ్చటపడి 'తూకం గారు' అని పేరు పెట్టారు. తరువాత భుజాల మీద నాలుగు పట్టీలు వచ్చినా ఆ పేరు మాత్రం పోలేదు. సెలవు దొరికిన ప్రతిరోజూ ఆయన ఊరి చివరి ఫ్లయింగ్ క్లబ్బుకు సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి, రెండు సీట్ల బుల్లి విమానంలో గంటా గంటా కూడబెట్టుకుని ఎగిరే విద్యను అభ్యసించారు. బట్టలు కుట్టే తల్లిగారికి ఒక్కటే సందేహం ఉండేదట: "పైకి వెళ్లడం సరే నాయనా, దిగడం కూడా నేర్పుతున్నారా?" దిగడమే అసలు చదువని ఆయన నేటికీ శిష్యులకు చెబుతారు, అదీ తల్లిగారి మాటగానే.

తొంభై ఒకటిలో కో-పైలట్ అయ్యారు, తొంభై తొమ్మిదిలో కెప్టెన్ అయ్యారు. ఎన్ని వేల గంటలు ఎగిరినా ఆయన వదలని నియమం ఒకటుంది. కాక్‌పిట్‌లో చెక్‌లిస్ట్ కార్డును ఒకరు వరుసవారీగా చదవాలి, రెండోవారు ఆ మీటను తాకి చూసి జవాబివ్వాలి. కంఠతా వచ్చినా సరే, చదివే తీరాలి. ఈ నియమం ఇంటిని కూడా వదల్లేదని వారి శ్రీమతి గారు మా దగ్గర వాపోయారు: "ఊరెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి 'గ్యాస్' అంటారు, నేను 'కట్టేశాను' అనాలి. 'తాళం' అంటారు, 'వేశాను' అనాలి. ఒక్కదానికి పలక్కపోయినా గడప దాటరు."

ఇక అసలు సంగతి. ఇది రాయాలా వద్దా అని వారం రోజులు తర్జనభర్జన పడ్డాను. మూడేళ్ల క్రితం ఒక సాయంత్రం నేను ఆయన పక్కన కో-పైలట్‌గా ఉన్నాను. విమానం నడిపే వంతు నాది, కార్డు చదివే వంతు ఆయనది. ఆ వారమే పాత కార్డులు తీసేసి, ఒక వరుస మార్చి, చిన్న అక్షరాలతో కొత్త కార్డులు ఇచ్చారు. దిగేముందు ఆయన కొత్త కార్డునే చేతిలో పట్టుకుని, పాత వరుసను చదివారు. అంటే చదవలేదు, అప్పజెప్పారు. నాకు తెలిసింది. కొత్త వరుసలో ఉన్నదాన్ని నేనే గుట్టుగా చూసి సరిచేసుకున్నాను గానీ నోరు మెదపలేదు. అంతటి పెద్దాయనకు తప్పు చెప్పేటంత వాణ్ణా అనే మొహమాటం. విమానం క్షేమంగా దిగింది.

ఇంజన్లు ఆపాక ఆయన కార్డును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. తాను చదివిన వరుస ఇందులో ఉందా అని అడిగారు. లేదండీ అన్నాను. మరి ఎందుకు చెప్పలేదన్నారు. చదివింది మీరు కదా అని ఊరుకున్నానన్నాను.

"నేను కాబట్టే చెప్పాలి. నన్ను నమ్మి నువ్వు చూడటం మానేస్తే, ముందు సీట్లలో ఇద్దరెందుకయ్యా? ఒక్కడు చాలు."

గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఈనాటికీ అనిపిస్తుంది. టోపీ అయినా తీయకుండా నేరుగా మేడ మీది ఆఫీసుకు వెళ్లి, తన మీద తానే నివేదిక రాసి ఇచ్చారు. వైద్యులు ఆయన కళ్లు పరీక్షించి, అద్దాలతో సరిపెట్టగలిగే లోపం కాదన్నారు. నిబంధనల ప్రకారం మరో ఎనిమిదేళ్లు ఎగరవలసిన మనిషి ఆ సాయంత్రంతో నేల మీదికి వచ్చేశారు. ఆ నివేదికలో నా మౌనం గురించి ఒక్క అక్షరం లేదు. ఆ రాత నేను చూశాను, చూసి సిగ్గుపడ్డాను.

అప్పటినుంచి ఆయన శిక్షణ గదిలో కొత్త పైలట్లకు పాఠాలు చెబుతున్నారు. ప్రతి బ్యాచికీ మొదటి రోజు చెప్పేది ఈ కథే. ఆ కో-పైలట్ ఎవరండీ అని పిల్లలు గుచ్చి గుచ్చి అడిగితే, "మంచివాడే, కాస్త మొహమాటం జాస్తి" అని దాటవేసేవారట.

ఆయన పదవీ విరమణ సందర్భంగా వేస్తున్న ఈ సంచిక కోసం మొన్న తన వివరాలు స్వహస్తాలతో రాసి పంపారు. ఉద్యోగంలో చేరిన తేదీ జూలై పదిహేను అని ఉంది. పాత హాజరు పుస్తకం తిరగేస్తే పద్నాలుగు. ఒక్కరోజు తేడాయే కదా, ఎవరు చూడొచ్చారు, పైగా పెద్దవారు రాసిందని అలవాటు ప్రకారం ఊరుకోబోయాను. మనసొప్పలేదు. శిక్షణ గదికి వెళ్లి, పన్నెండు మంది పిల్లల ఎదుట, తేదీ తప్పు రాశారండీ, పద్నాలుగు అని చెప్పాను. ఆయన భూతద్దం తీసి, హాజరు పుస్తకం పేజీ మీద నిదానంగా నడిపించి, తరగతి వైపు తిరిగారు.

"నేను చెబుతుంటానే, ఆ కో-పైలట్ ఇతనే. ఇప్పుడు కెప్టెన్‌గా పనికొస్తాడు."

కళ్లు చెమర్చాయని చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు. ఆయన ఆ తేదీని కావాలనే తప్పు రాశారని మావాళ్ల అనుమానం. అదీ అడిగేశాను. నవ్వి, భూతద్దాన్ని జేబులో వేసుకున్నారు.

రేపటినుంచి మా తూకం గారి ఇంట కార్డు చదివే వంతు శ్రీమతి గారిది. చిన్న అక్షరాలన్నీ ఆమె చదువుతూ, ఆయన తాకి చూసి జవాబు చెబుతూ, ఒకరు ఏ వరుస మరిచినా మరొకరు మొహమాటం లేకుండా గుర్తుచేస్తూ, ఆ దంపతులు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లూ వర్ధిల్లాలని, ముందు సీట్లలో ఇద్దరెందుకో ఆయన దగ్గరే నేర్చుకున్న మా అందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను.